తడిమట్టి ఉన్నచోటే వానకోవెల గూడు

పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద చెరువు కట్ట మీద మార్చి నెలలో పొద్దున్నే నిలబడితే కరెంటు తీగల మీద వరసగా కూర్చున్న పిట్టలు కనిపిస్తాయి. నీలం తిరిగిన నల్లటి వీపు, గొంతు దగ్గర ఇటుక రంగు, కత్తెరలా చీలిన తోక. ఉగాది పోయి కొన్ని వారాలయ్యాక అదే కట్ట మీదికి వెళ్తే ఆ తీగలు ఖాళీగా ఉంటాయి. కానీ కట్ట కింద తూము గోడ వైపో, రోడ్డు కల్వర్టు లోపలికో ముక్కున మట్టి కరుచుకుని దూరే పిట్ట మాత్రం ఉంటుంది. అదీ వానకోవెలే, ఇదీ వానకోవెలే. అందుకే చాలామంది రెండింటినీ కలిపి ఒకే కథగా చెప్పుకుంటారు: వసంతం రాగానే వానకోవెలలు తిరిగొచ్చి గూళ్ళు కట్టుకుంటాయని. ఆ మాట యూరప్‌కు నిజం, కశ్మీర్‌కు నిజం. నల్లగొండకు, పాలమూరుకు కాదు. ఇక్కడ వసంతంలో వెళ్ళిపోయే పిట్ట ఒకటి, ఇక్కడే ఉండి గూడు కట్టే పిట్టలు వేరు.

ముందు వెళ్ళిపోయేదాని సంగతి. ప్రపంచంలో ఎక్కువ మందికి తెలిసిన వానకోవెల ఇదే. హిమాలయాల్లో, మధ్య ఆసియాలో, ఇంకా పైన ఉత్తర దేశాల్లో పిల్లల్ని పెట్టి, చలి మొదలు కాకముందే దక్షిణానికి వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన వైపు కనిపించడం మొదలై, బతుకమ్మ పండుగ నాటికి తీగల మీద బాగానే చేరుతుంది. బరువు 16 నుంచి 22 గ్రాములు. అంటే మూడు పది రూపాయల బిళ్ళలు ఒక చేతిలో పెట్టుకుంటే ఈ పిట్ట కంటే అవే బరువు. అంత చిన్న ప్రాణి ఏటా హిమాలయాలు దాటి వచ్చి మళ్ళీ వెళ్తోందంటే ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యం తీరదు.

చలికాలమంతా ఇది ఇక్కడ చేసే పని రెండే: తినడం, ఈకలు మార్చుకోవడం. నవంబరులో చూస్తే తోక పొట్టిగా, ఈకలు చెదిరినట్టుగా, గొంతు రంగు వెలిసినట్టుగా ఉండే పిట్టలు చాలా ఉంటాయి. జబ్బు చేసిందేమో అనిపిస్తుంది కానీ కాదు. రెక్కల ఈకలు, తోక ఈకలు ఒక్కొక్కటిగా రాలి కొత్తవి వచ్చేది ఈ నెలల్లోనే. మార్చికల్లా తోక చివరి రెండు ఈకలు సన్నగా, పొడుగ్గా పెరుగుతాయి, వీపు మీద నీలం నిగనిగలాడుతుంది. పెళ్ళికి తయారైనట్టు తయారై, ఆ పెళ్ళి ఇక్కడ చేసుకోకుండా వెళ్ళిపోతుంది. మన చెరువుల మీది పురుగులు తిని పెంచుకున్న ఈకలతోనే అది ఉత్తరాన జతను వెతుక్కుంటుంది.

ఇక్కడ తిండి ఉన్నప్పుడు ఇక్కడే గూడు పెట్టొచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు పగటి పొడవులో ఉంది. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏడాదిలో అతి పొడుగు పగలు సుమారు 13 గంటలు, అతి చిన్నది సుమారు 11. తేడా రెండు గంటలే. కశ్మీర్‌లో ఆ తేడా నాలుగు గంటలు దాటుతుంది, ఇంకా పైకి పోతే ఇంకా పెరుగుతుంది. గూట్లో నాలుగైదు నోళ్ళు తెరుచుకుని ఉన్నప్పుడు తల్లిదండ్రులకు కావాల్సింది వెలుతురు. ఒక్క గంట పగలు ఎక్కువైతే పదుల ట్రిప్పుల మేత ఎక్కువ. పైగా అక్కడ చలికి అణిగి ఉన్న పురుగులన్నీ వసంతంలో ఒక్కసారిగా లేస్తాయి. మన దగ్గర ఏప్రిల్, మే అంటే దానికి పూర్తిగా ఎదురు: నీళ్ళు తగ్గే కాలం, నేల మాడే కాలం.

వలస అనే మాట పాలమూరులో ముందు మనుషులకే వాడతారు. మట్టి పని కోసం ఊరు విడిచి దూరదేశాలకు పోయిన పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట, తవ్వని కాలువ దేశంలో తక్కువ. ఆ వలసకు కారణం ఇక్కడ నీళ్ళు లేకపోవడం. పిట్ట వలసకు కారణం అక్కడ చలి, ఇక్కడ తిండి. రెండూ ఒకటి కావు, కలిపి చెప్పడం మనుషుల కష్టాన్ని తేలిక చేయడమే అవుతుంది. అయినా ఈ నేల మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఎన్నాళ్ళు నిలుస్తాయో అన్న లెక్క మనిషికెంత ముఖ్యమో ఇక్కడే ఉండే వానకోవెలకూ అంతే ముఖ్యం. దాని గూడు మట్టితో కట్టింది. మట్టికి తడి కావాలి.

ఆ ఉండేవాటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కల్వర్టుల దగ్గర, కాలువ గట్ల మీద జంటగా తిరిగేది, తల మీద ఇటుక రంగు టోపీ పెట్టుకున్నట్టు, గొంతు నుంచి పొట్ట దాకా సున్నమంత తెల్లగా ఉండేది తీగతోక వానకోవెల. తోక చివర రెండు సన్నని తీగలుంటాయి. ఎగిరేటప్పుడు అవి ఒక పట్టాన కనబడవు, కాబట్టి తెల్లటి గొంతును గుర్తు పెట్టుకోవడం మేలు. దీని గూడు సగం కోసిన కొబ్బరి చిప్పను గోడకు అతికించినట్టు ఉంటుంది, పైన తెరిచి ఉంటుంది, ఎప్పుడూ నీళ్ళకు దగ్గర్లోనే ఉంటుంది. నడుము మీద తుప్పు రంగు పట్టీ, పొట్ట మీద సన్నటి గీతలు ఉన్నది ఎర్రనడుము వానకోవెల. దీని గూడు చూస్తే కుమ్మరి పని గుర్తొస్తుంది. కూజాను నిలువునా కోసి, ఒక సగాన్ని పైకప్పుకు బోర్లించి అతికించినట్టు, మూతి పొడుగ్గా గొట్టంలా. వంతెన కింద పదులూ వందలూ గూళ్ళు ఒకదానికొకటి అంటుకుని తేనెపట్టులా వేలాడుతుంటే అవి మూడో రకానివి. గొంతు మీద గీతలు, చిన్న శరీరం, చీలిక పెద్దగా లేని తోక దాని గుర్తులు. ఇది ఒంటరిగా ఉండలేదు, పక్కింటి గోడే తన గోడ. నాలుగోది మసి రంగు పిట్ట. కోటగోడల మీద, కొండ చరియల మీద, ఈ మధ్య అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్ల కింద కనిపిస్తుంది. భువనగిరి, దేవరకొండ లాంటి కోటల రాళ్ళు ఇలాంటి పిట్టకు సహజమైన చోటు.

వీటితో కలిపి పొరపడేది స్విఫ్ట్ అనే ఇంకో పిట్ట. పాత గుళ్ళ మండపాల పైకప్పులకు ఈకలు, గడ్డి పరకలు ఉమ్మితో అతికించి గుంపుగా ఉండేవి అవే. సాయంత్రం పూట కీచుమంటూ ఆకాశంలో గిరికీలు కొట్టేదీ అవే. తాటిచెట్లు నిండిన నల్లగొండ పల్లెల్లో ఇంకో రకం స్విఫ్ట్ తాటాకు అడుగునే గూడు అతికించుకుంటుంది. చూడ్డానికి వానకోవెలలా ఉన్నా చుట్టరికం లేదు. తేల్చుకోవడానికి ఒక్క గుర్తు చాలు: స్విఫ్ట్ కాళ్ళు గోడను పట్టుకుని వేలాడడానికే పనికొస్తాయి, తీగ మీద కూర్చోలేదు. తీగ మీద కూర్చుందంటే అది స్విఫ్ట్ కాదు.

ఇక అసలు విషయం మట్టి. ఏ మట్టైనా గూటికి పనికిరాదు. పాలమూరు, నల్లగొండల్లో ఎక్కువ భాగం చల్క నేల, ఇసుక పాలు ఎక్కువ. తడిగా ఉన్నప్పుడు ముద్ద కట్టినా ఆరాక పిడికిట్లో నలిపితే పొడైపోతుంది. నల్లరేగడి గట్టిగా పట్టుకుంటుంది కానీ ఆరేటప్పుడు నెర్రెలు విచ్చుతుంది. గూటికి కావాల్సింది ఈ రెండింటి మధ్య మట్టి, బంక ఉండి కొంచెం ఇసుక కలిసినది. అలాంటిది సహజంగా దొరికేది చెరువులో. ఏళ్ళ తరబడి వానకు కొట్టుకొచ్చి పేరుకున్న ఒండ్రు అది. కుమ్మరి కుండ మట్టి కోసం చెరువుకే పోతాడు, వానకోవెల కూడా చెరువుకే పోతుంది. ఇద్దరి లెక్కా ఒకటే: ఆరినా విడిపోని మన్ను.

మట్టి తీసుకునే పద్ధతి దగ్గరి నుంచి చూడదగ్గది. చెరువులో నీళ్ళు వెనక్కి తగ్గిన చోట, మెరిసే తడి అంచున పిట్ట వాలుతుంది. కాళ్ళు పొట్టివి, నడకకు పనికొచ్చేవి కావు. అందుకే రెక్కలు పైకెత్తి వణికిస్తూ, తోకను బురద తగలకుండా నిక్కబెట్టి, ముక్కును మట్టిలో గుచ్చుతుంది. రెండు మూడు పొడుపుల్లో శనగ గింజంత ముద్ద నోట్లో నిలుస్తుంది. అక్కడి నుంచి నేరుగా కల్వర్టు కిందికి. కట్టిన అంచు మీద ముద్దను ఆనించి, గడ్డం కింద పెట్టి వణికిస్తూ నొక్కుతుంది. ఆ వణుకుతో కొత్త ముద్దలోని తడి పాత ముద్దలోకి దిగి రెండూ కలిసిపోతాయి. మేస్త్రీ కాంక్రీటులో వైబ్రేటర్ పెట్టేది ఇందుకే. ముద్దలో పిట్ట ఉమ్మి కూడా కలిసి ఉంటుంది, ఆరాక రేణువులను కట్టి ఉంచే జిగురు అదే. మధ్య మధ్య గడ్డి పరకలు కూడా పెడుతుంది. మన పెద్దలు మట్టిగోడలో గడ్డి తొక్కి కలిపినట్టే.

ఒక్క గూటికి ఇలాంటి ముద్దలు వెయ్యి దాకా, ఒక్కోసారి అంతకు మించి పడతాయి. ముద్దకో ట్రిప్పు. తడి మట్టి కల్వర్టుకు యాభై మీటర్ల దూరంలో ఉందా, కిలోమీటరు దూరంలో ఉందా అన్నది ఆ గూడు నిలుస్తుందా లేదా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. ఇంకో ఇబ్బంది ఎండ. ఒకేరోజు మొత్తం కట్టేస్తే బరువుకు జారి పడిపోతుంది. పొద్దున కొన్ని వరసలు పెట్టి, ఆరనిచ్చి, మర్నాడు దాని మీద మళ్ళీ పెట్టాలి. ఇల్లు కట్టించిన వాళ్ళందరికీ తెలిసిన పనే ఇది. పూర్తయిన గూటిని జాగ్రత్తగా చూస్తే ముద్దలు పూసలు గుచ్చినట్టు వరసలుగా కనిపిస్తాయి. కింది వరసలు బూడిద రంగు, పైవి ఎర్రగా ఉంటే మధ్యలో చెరువు అంచు ఎండిపోయి పిట్ట వేరేచోటి మట్టికి మారిందని అర్థం. ఏ పొర ఎక్కడి మట్టో చెప్పగలిగితే ఆ వారం రోజుల్లో ఆ ఊరి నీళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పినట్టే.

ఇప్పుడు కాలం లెక్క తేలికవుతుంది. ఉత్తర దేశాల్లో గూటికి రుతువును ఎండ నిర్ణయిస్తే మన దగ్గర బురద నిర్ణయిస్తుంది. వానాకాలం చివరికి నిండిన చెరువు జనవరి నుంచి నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. నీళ్ళు వెనక్కి పోయిన కొద్దీ శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది. నీటికీ ఎండిన నేలకూ మధ్య రెండు మూడు బారల వెడల్పున ఆ తడి పట్టీ ఎప్పుడూ ఉంటుంది, నీటితో పాటు జరుగుతూ ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీగతోక పిట్టలు కల్వర్టుల కింద పని మొదలుపెట్టేది ఈ పట్టీ ధైర్యంతోనే. యాసంగి వరి పారుతున్న ఊళ్ళలో పొలం గట్టు, కాలువ పిల్లకాలువ అన్నీ బురదే. సాగర్ ఎడమ కాలువ కింద ఊళ్ళకు, జూరాల కింద ఊళ్ళకు, ఎత్తిపోతల నీళ్ళతో చెరువులు నిండుతున్న ఊళ్ళకు ఈ సౌకర్యం ఎక్కువ. మెట్ట ఊళ్ళలో మార్చి దాటితే ట్యాంకర్ కారిన చోట, బోరింగు చుట్టూ, పశువుల తొట్టి పక్కన మాత్రమే తడి మిగులుతుంది. బోరింగు గడ్డ దగ్గర వాలిన పిట్ట నీళ్ళు తాగడానికే వచ్చిందనుకోవద్దు, మట్టి కోసం వచ్చి ఉండొచ్చు.

మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో కొత్త గూళ్ళ పని సన్నగిల్లుతుంది. మిరుగు (మృగశిర కార్తె) వానలు పడగానే మళ్ళీ ఊపందుకుంటుంది. ఎర్రనడుము పిట్ట, మసి రంగు పిట్ట ఎక్కువగా కట్టేది ఈ రెండో విడతలోనే. అప్పుడు మట్టి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. పైగా మొదటి వానకు పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. దీపాల చుట్టూ ముసిరే ఆ రెక్కల పురుగులే పగలూ సాయంత్రమూ వానకోవెలకు విందు. గూడు, తిండి రెండూ ఒకే వానతో వస్తాయి. అందుకే ఒకే జంట ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువ ఈతలు పిల్లల్ని తీయగలుగుతుంది. ఉత్తరాది వానకోవెలకు పొడుగు పగలు ఉంటే మన వానకోవెలకు పొడుగు కాలం ఉంది.

దాని పేరులో వాన ఎందుకుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మబ్బు పట్టి గాలి బరువెక్కినప్పుడు చిన్న పురుగులు పైకి పోకుండా నేలకు దగ్గరగా తిరుగుతాయి. వాటి వెంట ఈ పిట్టలు కూడా చేను మీద మోకాలెత్తున దూసుకుపోతుంటాయి. అది చూసి వాన వస్తుందనుకున్న పాతకాలపు రైతు తప్పు అనుకోలేదు. ఇక కోవెల అంటే గుడి అనే అర్థం కూడా తెలుగులో ఉంది. గుడి మండపాల్లో, గాలిగోపురాల అరుగుల మీద గూడు పెట్టే పిట్టకు ఆ పేరు కుదరడం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంది.

మట్టి తర్వాత గోడ. ఒకప్పుడు వీటికి కొండ చరియలు, నది ఒడ్డు రాళ్ళు, పాత గుళ్ళు, కోటలే దిక్కు. తర్వాత మనిషి కట్టినవి వాటికి కొత్త కొండలయ్యాయి. 1955లో పునాది పడి 1967లో కాలువలకు నీళ్ళిచ్చిన నాగార్జునసాగర్ ఒక్కటే కాదు, దాని కాలువల మీద వచ్చిన వంతెనలు, అక్విడక్టులు, తూములు అన్నీ పక్కనే నీళ్ళు, పైన నీడ, గరుకు గోడ ఉన్న చోట్లు. వానకోవెలకు ఇంతకంటే మంచి ఇంటిస్థలం ఉండదు. మనిషి కట్టడాలు పిట్టలకు కీడే చేస్తాయని ఒకే మాటలో తేల్చేయడం ఈ విషయంలో సరికాదు.

కాకపోతే ఏ కట్టడం అన్నది ముఖ్యం. గరుకు రాయికి, పూత లేని కాంక్రీటుకు మట్టి పట్టుకుంటుంది. నున్నగా పుట్టీ పెట్టి ఎమల్షన్ పూసిన గోడకు పట్టదు. సగం కట్టాక ఊడి కింద పడ్డ గూళ్ళు కొత్త ఇళ్ళ పోర్టికోల కింద కనిపించేది అందుకే. చెరువుల విషయమూ అంతే. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్న పని. పూడిక తీసిన చెరువులో నీళ్ళు ఎక్కువ కాలం నిలిస్తే తడి అంచు కూడా ఎక్కువ కాలం ఉంటుంది, ఇది పిట్టకు లాభమే. కానీ పట్టణాల్లో మినీ ట్యాంక్‌బండ్ పేరుతో నీటి అంచు పొడవునా రాతి కట్టడం, రెయిలింగు, టైల్స్ వేస్తే నీళ్ళున్నా బురద ఉండదు. చుట్టూ అలా కప్పేసిన చెరువు చేపకు, కొంగకు ఎంతో కొంత పనికొస్తుందేమో గానీ వానకోవెలకు ఆ నీళ్ళ విలువ సగం పోయినట్టే. ఒక్క మూల, మనుషులు పెద్దగా తిరగని వైపు, ఇరవై ముప్ఫై అడుగుల మేర మట్టి అంచును మట్టిగానే వదిలేయడానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. డిజైన్ వేసేటప్పుడే ఆ మాట అడిగేవాళ్ళు ఉండాలి.

ఇంటి గూటి గొడవ వేరే. పిట్ట రెట్టలు గుమ్మం ముందు పడుతున్నాయని, పండుగకు సున్నం వేయాలని కర్రతో గూడు దులిపేయడం మామూలే. దులిపేవాళ్ళది చెడ్డ మనసు కాదు, అందులో ఏముందో తెలియకపోవడమే. గుడ్లు పెట్టాక పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు వారాలు. మొత్తం ఐదు వారాల ఓపిక. గూటి కింద ఒక చెక్క ముక్కో అట్టముక్కో అడ్డం కొడితే రెట్టలు దాని మీదే పడతాయి, గుమ్మం శుభ్రంగా ఉంటుంది. పిల్లలు ఎగిరాక కూడా గూడు తీయకపోతే ఇంకా మంచిది. వానకోవెల పాత గూటికే తిరిగొచ్చి అంచుకు కొంచెం మట్టి చేర్చి మళ్ళీ వాడుకుంటుంది. వెయ్యి ట్రిప్పుల పని వంద ట్రిప్పులకు తగ్గితే గుడ్లు ముందుగా పెడుతుంది, ఎండలు ముదరకముందే పిల్లలు బయటపడతాయి. ఊరపిచ్చుకలు కూడా కొన్నిసార్లు ఆ పాత గూళ్ళలో చేరుతాయి. పిచ్చుకలు కరువైన ఊళ్ళలో అదీ తక్కువ మేలేమీ కాదు.

గూటికి ఇంకో ముప్పు నీళ్ళ వల్లే వస్తుంది. నీళ్ళకు దగ్గరగా కట్టాలన్న ఆశతో తీగతోక పిట్ట ఒక్కోసారి కల్వర్టులో మరీ కిందికి కడుతుంది. కాలువకు నీళ్ళు ఒక్కసారిగా వదిలినా, మిరుగులో వాగు పొంగినా గూడు తడిసి కరిగిపోతుంది. దీనికి మనిషి చేయగలిగింది పెద్దగా లేదు. పురుగుమందుల సంగతి మాత్రం మనిషి చేతిలోనిదే. గాలిలో ఎగిరే పురుగు తప్ప వేరే తిండి ఎరుగని పిట్ట ఇది. గింజ తినదు, పండు తినదు. మందు కొట్టిన పొలాల మీద పురుగు లేకపోతే గూట్లో పిల్లకు మేత లేదు.

వీటిని చూడాలనుకునేవాళ్ళకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఊరి చెరువు దగ్గరి ఒక్క కల్వర్టును ఎంచుకుని జనవరి నుంచి వారానికోసారి పది నిమిషాలు నిలబడితే చాలు. దగ్గరికి పోకూడదు, గూట్లోకి ఫోన్ పెట్టి ఫోటో తీయకూడదు. పిట్ట బెదిరి గుడ్లను వదిలేసే ప్రమాదం ఉంది. దూరం నుంచే చాలా తెలుస్తుంది. గూటి అంచు ముదురు రంగులో ఉంటే ఆ పొద్దు పెట్టిన మట్టి ఇంకా ఆరలేదు, అంటే కడుతున్నాయి. ఈక ఒకటి ముక్కున పెట్టుకుని లోపలికి పోతే లోపల మెత్తగా పరుస్తున్నాయి, గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయి. గూటి కింద నేల మీద తెల్లటి రెట్టలు హఠాత్తుగా ఎక్కువైతే పిల్లలు కాస్త పెద్దవై గూటి అంచుకు వెనక్కి తిరిగి రెట్ట వేయడం నేర్చాయని. ఆ తేదీలు ఒక నోటుపుస్తకంలోనో చూసిన పిట్టల వివరాలు రాసుకునే ఈబర్డ్ యాప్‌లోనో రాసిపెడితే, పక్కనే చెరువులో నీళ్ళు ఎంతున్నాయో కూడా రాస్తే, నాలుగైదేళ్ళలో ఆ ఊరి బురద క్యాలెండర్ తయారవుతుంది. వాతావరణ శాఖ లెక్కల్లో వాన ఎంత పడిందో ఉంటుంది, తడి ఎన్నాళ్ళు నిలిచిందో ఉండదు.

ఏప్రిల్ చివర్లో మళ్ళీ ఆ కట్ట మీదికి వెళ్తే, దూరదేశపు పిట్టలు ఖాళీ చేసిపోయిన తీగ మీద కల్వర్టు దగ్గర నాలుగు పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. తల మీద టోపీ రంగు ఇంకా గట్టిపడలేదు, తోకకు తీగలు రాలేదు. తల్లి చెరువు మీది నుంచి తీసుకొచ్చే పురుగు కోసం నాలుగూ ఒకేసారి నోళ్ళు తెరుస్తాయి. తల్లి కూర్చోదు. ఎగురుతూనే ఒక నోట్లో పెట్టి, తీగను తాకకుండానే మళ్ళీ నీళ్ళ మీదికి తిరుగుతుంది.